రాజ్యసభ పాస్ చేసిన తిరుచ్చి శివ బిల్లు చట్టం ఎందుకు కాలేదు?

అశోక్‌నగర్_అటక | 2025 ఫిబ్రవరి 26, రాత్రి 10:12

శివరాత్రి జాగారం ఎలాగూ ఉంది కదా అని పాలిటీ నోట్సు ముందేసుకున్నాను. ఒక లైను దగ్గర ఆగిపోయాను. "2015 ఏప్రిల్ 24: ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు, ప్రైవేటు సభ్యుడి బిల్లు, ప్రవేశపెట్టినవారు తిరుచ్చి శివ (డీఎంకే), రాజ్యసభ ఆమోదం." దాని కిందే ఇంకో లైను. "చట్టమైన ప్రైవేటు బిల్లులు మొత్తం 14, చివరిది 1970." రాజ్యసభ పాస్ చేసింది కదా, మరి ఇది 15వది ఎందుకు కాలేదు? కోచింగ్ సార్‌ని అడిగితే "అంత లోతు అవసరం లేదు, గుర్తుపెట్టుకో చాలు" అన్నారు. నాకు అలా గుర్తుండదు. ఎవరైనా చెప్తారా?

---

ఉప్పుకారం | రాత్రి 10:20

శివరాత్రి నాడు శివ గారి గురించే అడిగావు, పుణ్యం. సమాధానం చిన్నదే తమ్ముడూ. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరూ ధర్మరాజులే. బిల్లు పెడతారు, మాట్లాడతారు, టీవీలో కనపడతారు, అయిపోయింది. పడుకో.

---

లెక్కల_పద్మ | రాత్రి 10:41

ఉప్పుకారం గారూ, పిల్లాడు అడిగింది వేరు, మీరు చెప్పింది వేరు.

తమ్ముడూ, మంత్రి కాని సభ్యుడు ఎవరు పెట్టినా అది ప్రైవేటు బిల్లే. ప్రతిపక్షమే కానక్కర్లేదు, అధికార పార్టీ ఎంపీ అయినా మంత్రి కాకపోతే ప్రైవేటే. వీటికి దక్కేది శుక్రవారం మధ్యాహ్నం ఓ రెండున్నర గంటలు. ఆ టైముకి సభలో సగం మంది ఎయిర్‌పోర్టు దారిలో ఉంటారు. ఎవరి బిల్లు ముందు రావాలో లాటరీ తీస్తారు. చర్చకి వస్తే మంత్రి లేచి "మీ భావన మంచిదే, ప్రభుత్వమే సమగ్రంగా తెస్తుంది, ఉపసంహరించుకోండి" అంటారు. సభ్యుడు ఉపసంహరించుకుంటాడు. చర్చకొచ్చిన చాలా బిల్లుల కథ ఇదే.

శివ గారు 2014 డిసెంబర్ 12న పెట్టారు, 2015 ఏప్రిల్ 24న పాసైంది. క్యాలెండర్ చూసుకో, రెండూ శుక్రవారాలే. ఆ రోజు కూడా సామాజిక న్యాయ శాఖ మంత్రి థావర్‌చంద్ గెహ్లాట్ వెనక్కి తీసుకోమనే అడిగారు. ఈయన తీసుకోలేదు, ఓటింగ్ కావాల్సిందే అన్నారు. చివరికి మూజువాణి ఓటుతో, ఎదురు గొంతు లేకుండా పాసైంది. ఒక సభ ప్రైవేటు బిల్లును ఆమోదించడం 45 ఏళ్ళలో అదే మొదటిసారి.

ఇక నీ ప్రశ్న. రెండు సభలూ పాస్ చేస్తేనే చట్టం. మిగిలింది లోక్‌సభ. 2014 ఎన్నికల్లో డీఎంకేకి లోక్‌సభలో వచ్చిన సీట్లు ఎన్నో చూడు.

---

అశోక్‌నగర్_అటక | రాత్రి 10:47

సున్నా!! అంటే అక్కడ ఆ బిల్లును చేతపట్టుకుని నిలబడటానికి సొంత పార్టీ మనిషే లేడా?

---

లెక్కల_పద్మ | రాత్రి 10:55

లేడు. ఒడిశా నుంచి బీజేడీ ఎంపీ బైజయంత్ పండా 2016లో అక్కడ పెట్టారు. పార్టీ వేరు, రాష్ట్రం వేరు, అయినా పెట్టారు. కానీ ఆ సభలో ప్రభుత్వానికి సొంతంగానే మెజారిటీ ఉంది, వాళ్ళు కదలకపోతే ఏదీ కదలదు. 2019లో లోక్‌సభ రద్దవగానే బిల్లు మురిగిపోయింది. రాజ్యసభ పాస్ చేసినా సరే, లోక్‌సభలో పెండింగ్‌లో ఉంటే ఆ సభతోపాటే పోతుంది. 107వ అధికరణం. ఇది మాత్రం పరీక్షలో అడుగుతారు, రాసుకో.

---

చిత్తూరు_చెన్నై | రాత్రి 11:08

పుట్టింది చిత్తూరు, 22 ఏళ్ళుగా చెన్నైలో ఉంటున్నాను కాబట్టి ఒక మాట. ఈ బిల్లు ఉన్నట్టుండి ఊడిపడలేదు. తమిళనాడులో 2008 ఏప్రిల్ 15న కరుణానిధి ప్రభుత్వం ట్రాన్స్‌జెండర్ సంక్షేమ బోర్డు పెట్టింది. రేషన్ కార్డు, ఇంటి స్థలం లాంటివి దాని ద్వారానే. 'తిరునంగై' అనే గౌరవమైన మాటను జనంలోకి తెచ్చింది కూడా ఆయనే. ఇక్కడ ఇప్పుడు ఆటో డ్రైవర్లు కూడా ఆ మాటే వాడతారు. మన తెలుగులో అలాంటి మాట ఒకటి ఎందుకు పుట్టలేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సరిగ్గా ఆరేళ్ళకి, 2014 ఏప్రిల్ 15నే, జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఎవరి జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు వారిదే అంది. ఎనిమిది నెలల్లో శివ బిల్లు వచ్చింది. తీర్పును చట్టంలోకి మార్చాల్సింది ప్రభుత్వం. వాళ్ళకంటే ముందు ఒక ప్రతిపక్ష సభ్యుడు ఆ పని కాగితం మీద పెట్టాడు.

---

ఉప్పుకారం | రాత్రి 11:15

మాటలు బాగున్నాయండీ. ఆ బిల్లులో 2 శాతం రిజర్వేషన్ ఉంది కదా? 2021లో తమిళనాడులో అధికారం వాళ్ళకే వచ్చింది. మరి అక్కడ ఇచ్చారా? విడిగా కోటా కావాలని ట్రాన్స్‌జెండర్లు చెన్నైలో రోడ్డెక్కారు, పోలీసులు ఎత్తుకెళ్ళారు, అది మీరూ చూసే ఉంటారు. అదే 2021లో కర్ణాటక 1 శాతం ఇచ్చింది. అప్పుడు అక్కడున్నది బీజేపీ ప్రభుత్వం. ఢిల్లీలో అడిగేవాళ్ళు ఇంట్లో ఇవ్వరేం?

---

చిత్తూరు_చెన్నై | రాత్రి 11:22

ఇది ఒప్పుకుంటాను. ఇక్కడ ట్రాన్స్‌జెండర్లని ఎంబీసీలో, అంటే అత్యంత వెనుకబడిన వర్గాల జాబితాలో కలిపారు. దళిత కుటుంబంలో పుట్టిన తిరునంగైకి దానివల్ల లాభమా నష్టమా అన్నది పెద్ద గొడవే. వాళ్ళు అడిగేది వికలాంగుల కోటాలా అన్ని కేటగిరీల్లోనూ అడ్డంగా వచ్చేది. ఆ విషయంలో మీ ఉప్పూ కారమూ రెండూ సరిపోయాయి.

---

అనంతపురం_ప్లీడరు | ఫిబ్రవరి 27, ఉదయం 7:05

రాత్రంతా గుడిలో ఉండి ఇప్పుడే చూశాను. అశోక్‌నగర్ తమ్ముడూ, నీ నోట్సులో '1970' అని ఒక్క అంకె వేసి వదిలేసిన బిల్లు గురించి చెప్పకపోతే నాకు కాఫీ దిగదు.

అది సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ళ పరిధిని పెంచే చట్టం. పెట్టినవారు ఆనంద్ నారాయణ్ ముల్లా. అలహాబాద్ హైకోర్టు జడ్జిగా చేసి, 1967లో లక్నో నుంచి స్వతంత్రుడిగా గెలిచారు. పైగా ఉర్దూ కవి. అంతకుముందు రూలు ఎలా ఉండేదంటే, కింది కోర్టు నిర్దోషి అన్న మనిషికి హైకోర్టు తిరగేసి ఉరి వేస్తేనే సుప్రీంకోర్టుకు హక్కుగా అప్పీలు ఉండేది. యావజ్జీవం వేస్తే లేదు. ప్రత్యేక అనుమతి అడుక్కోవాలి, ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు. ముల్లా గారి చట్టంతో యావజ్జీవానికి, పదేళ్ళు అంతకు పైబడిన శిక్షలకూ ఆ హక్కు వచ్చింది.

నా క్లయింటు ఒకాయనకి సెషన్స్‌లో విడుదల, హైకోర్టులో యావజ్జీవం. "ఇక అంతేనా సార్" అని వాళ్ళావిడ నా బల్ల ముందు కూలబడింది. అంతే కాదమ్మా, ఢిల్లీ వెళ్ళే హక్కు మనకుంది అని చెప్పగలిగానంటే ఏ పార్టీకీ చెందని ఆ ఒక్క ఎంపీ పుణ్యమే. ఆవిడకి ఆయన పేరు తెలియదు. నాకూ లా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

---

రిటైర్డ్_మేష్టారు | ఉదయం 8:30

బాగుంది ప్లీడరు గారూ. మీరంతా బిల్లుల లెక్క వేస్తున్నారు కాబట్టి, బిల్లే లేకుండా జరిగిన ఒక సంగతి గుర్తుచేస్తాను.

1963 ఆగస్టు. నెహ్రూ ప్రభుత్వంపై కృపలానీ అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది. ఉపఎన్నికలో గెలిచి అప్పుడే సభకొచ్చిన సోషలిస్టు నేత లోహియా లేచి, దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడు అణాలతో బతుకుతున్నారన్నారు. నెహ్రూ కాదు, పదిహేను అణాలన్నారు. అది సగటు. టాటా ఆదాయాన్నీ కూలీ ఆదాయాన్నీ కలిపి భాగిస్తే వచ్చేది సగటే, కూలీ కడుపు కాదు అన్నది లోహియా వాదన సారం. తీర్మానం వీగిపోయింది. తీర్మానానికి అనుకూలంగా 62 మంది, వ్యతిరేకంగా 347 మంది. కానీ 'మూడు అణాల చర్చ' అన్న పేరు నిలిచిపోయింది. మా నాన్న పేపరు గట్టిగా చదివి, అమ్మతో "మన ఇంట్లో తలకి ఎన్ని అణాలు పడుతుందో లెక్కెయ్యి" అనడం నాకు గుర్తు. నాకప్పుడు పదమూడేళ్ళు. అమ్మ లెక్క వేసింది, చెప్పలేదు.

సుందరయ్య గారు రాజ్యసభకు సైకిల్ మీద వెళ్ళేవారని అందరికీ తెలుసు. లోపలికెళ్ళి ఏం మాట్లాడారో ఎంతమందికి తెలుసు? మనకి సైకిలే గుర్తుంటుంది.

---

ఉప్పుకారం | ఉదయం 9:02

మేష్టారూ, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ లోహియా మాటతో పేదోడి మూడు అణాలు నాలుగు అయ్యాయా? శివ బిల్లుతో ఒక్క ట్రాన్స్‌జెండర్‌కైనా ఒక్క ఉద్యోగం వచ్చిందా? నేనడిగేది అంతే.

---

మల్లెచెండు | మధ్యాహ్నం 1:17

నేను మూడేళ్ళుగా ఈ ఫోరమ్ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నేను ట్రాన్స్ మహిళని, విజయవాడ దగ్గర ఉంటాను. ఇంతమంది మా గురించి, మా బిల్లు గురించి మాట్లాడుతుంటే ఊరుకోలేకపోయాను.

ఉప్పుకారం అన్నా, ఉద్యోగం రాలేదు. నిజం. కానీ ఆ తర్వాత జరిగింది మీరెవరూ రాయలేదు. శివ బిల్లు రాజ్యసభ దాటాక ప్రభుత్వం 2016లో సొంత బిల్లు తెచ్చింది. అందులో మా నిర్వచనం ఏమిటో తెలుసా? పూర్తిగా స్త్రీ కాదు, పూర్తిగా పురుషుడు కాదు, లేదా రెండూ కలిసిన మనిషి. అది చదివిన రోజు నేను అన్నం తినలేదు. మేమేమిటో తేల్చడానికి జిల్లాకో స్క్రీనింగ్ కమిటీ అట. భిక్షాటన చేయించడం నేరం అంటూ ఇంకో సెక్షన్. మాలో చాలామందికి ఆ రోజు కూడు అదే. ఆ సెక్షన్ వస్తే దాని పేరుతో పోలీసులు పట్టుకునేది మమ్మల్ని చేరదీసిన గురువునీ తోటివాళ్ళనీ.

దేశమంతా మావాళ్ళు గొడవ చేశారు. ఆ గొడవలో మా చేతిలో ఉన్న కాగితం ఏమిటంటే శివ బిల్లే. "ఇదిగో, మీ రాజ్యసభే ఇది ఒప్పుకుంది, ఇప్పుడు ఇదెందుకు?" అని అడగడానికి అది పనికొచ్చింది. ఉత్త చేతులతో అడగడానికీ, సభ ఒప్పుకున్న కాగితం చూపించి అడగడానికీ తేడా ఉందన్నా.

---

లెక్కల_పద్మ | మధ్యాహ్నం 2:40

మల్లెచెండు గారూ, మీరు రాసింది చదివాక శివ బిల్లు, 2016 బిల్లు, 2019 చట్టం మూడూ పక్కపక్కన పెట్టుకుని నిర్వచనాలు చూశాను. నాకిప్పుడే తెలిసింది. శివ బిల్లులో ఇలా ఉంది: పుట్టినప్పుడు నిర్ణయించిన జెండర్‌తో పొసగని వ్యక్తి, శస్త్రచికిత్సో హార్మోన్ చికిత్సో జరిగినా జరగకపోయినా ట్రాన్స్ పురుషులు, ట్రాన్స్ మహిళలు, ఇంకా కిన్నర్, హిజ్రా, అరవాణి, జోగ్త లాంటి వాళ్ళు. 2016 ప్రభుత్వ బిల్లులో ఆ చికిత్స ముక్కా, కిన్నర్, హిజ్రా లాంటి పేర్లూ తీసేశారు. 2019లో చేసిన చట్టంలో మళ్ళీ దాదాపు అదే వాక్యం వచ్చింది. 'జరిగినా జరగకపోయినా' అన్న ముక్కతో సహా! ఇంటర్‌సెక్స్ వాళ్ళను అదనంగా చేర్చారు. స్క్రీనింగ్ కమిటీ పోయింది, భిక్షాటన సెక్షన్ పోయింది.

మరి రానివి? 2 శాతం రిజర్వేషన్ రాలేదు. జాతీయ, రాష్ట్ర కమిషన్లు రాలేదు, బదులుగా సలహాలిచ్చే కౌన్సిల్ వచ్చింది. ప్రత్యేక ట్రాన్స్‌జెండర్ హక్కుల కోర్టులు రాలేదు. అంటే, డబ్బూ అధికారమూ అక్కర్లేని వాక్యాన్ని తీసుకుని, ఆ రెండూ కావాల్సినవి వదిలేశారు. ఇది నా లెక్క, తప్పైతే దిద్దండి.

---

అనంతపురం_ప్లీడరు | సాయంత్రం 6:20

లెక్క సరిగ్గానే ఉంది పద్మ గారూ. ఇంకోటి కలపండి, శిక్ష. 2019లో ఆ చట్టం చేసినప్పుడు 18వ సెక్షన్ ప్రకారం ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడి చేస్తే ఆరు నెలల నుంచి రెండేళ్ళు. స్త్రీ మీద అత్యాచారానికి అప్పటికే కనీస శిక్ష పదేళ్ళు. మనిషి ఒంటి విలువ చట్టంలోనే తక్కువ చేసి రాశారు.

తేదీలు కూడా చూడండి. లోక్‌సభ ఆ బిల్లును పాస్ చేసింది 2019 ఆగస్టు 5న. అదే రోజు రాజ్యసభలో 370 అధికరణం. దేశం మొత్తం కళ్ళు అటే. నవంబర్ 26న ఇది రాజ్యసభకొచ్చినప్పుడు వివరంగా పరిశీలించడానికి ఎంపీల సెలెక్ట్ కమిటీకి పంపాలని తీర్మానం పెట్టింది మళ్ళీ తిరుచ్చి శివ గారే. అనుకూలంగా 55, వ్యతిరేకంగా 74. ఓడిపోయారు. 2015 ఏప్రిల్‌లో రాజ్యసభలో ప్రభుత్వానికి బలం లేదు. ఆ మార్చిలోనే రాష్ట్రపతి ప్రసంగానికి ప్రతిపక్ష ఎంపీ సీతారాం ఏచూరి (సీపీఎం) పెట్టిన సవరణ నెగ్గింది. అందుకే ఓటింగ్ దాకా వెళ్ళకుండా మూజువాణితో సర్దుకున్నారు. 2019కి ఆ లెక్క మారిపోయింది. మనిషి అదే, సభ అదే, విషయం అదే. మారింది తలల లెక్క.

---

ఉప్పుకారం | సాయంత్రం 7:11

మల్లెచెండు అమ్మా, నిన్న నేను "పడుకో" అని తేలిగ్గా అన్నాను. అక్కడ నాదే తప్పు. కానీ నా అనుమానం పోలేదు. వాక్యం ఇచ్చి డబ్బు ఇవ్వకపోవడమంటే విస్తరి వేసి వడ్డించకపోవడమే కదా?

---

మల్లెచెండు | రాత్రి 8:48

విస్తరి వేయకుండా బయట నిలబెట్టిన రోజులు చూశాం కదన్నా, అందుకని విస్తరి కూడా మాకు లెక్కే.

ఒక్కటి చెప్తాను. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్ కోసం నేషనల్ పోర్టల్‌లో అప్లై చేశాను. కలెక్టర్ సంతకంతో వచ్చేది. ఒక ఆఫీసులో (పేరు వద్దు) గుమాస్తా "ఆసుపత్రికెళ్ళి పరీక్ష చేయించుకుని కాగితం తే" అన్నాడు. రెండుసార్లు తిప్పాడు. మూడోసారి ఆ చట్టం 2020 రూల్స్ ప్రింటు తీసుకెళ్ళాను. మొదటి సర్టిఫికెట్‌కి వైద్య పరీక్ష ఏదీ అక్కర్లేదని అందులో ఉండేది. ఆ లైను కింద ఎర్ర పెన్నుతో గీత గీసి బల్ల మీద పెట్టాను. చదివాడు, చుట్టూ చూశాడు, టీ తాగి రమ్మన్నాడు. నేను టీ తాగి వచ్చేసరికి ఫైలు కదిలింది. ఆ 'జరిగినా జరగకపోయినా' లేకపోతే నా ఒంటిని వాడికి చూపించుకోవాల్సి వచ్చేది. పద్మ అక్కా, ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఈరోజే తెలిసింది, థ్యాంక్స్.

---

అనంతపురం_ప్లీడరు | రాత్రి 9:15

తెలంగాణ వాళ్ళకి ఒక సంగతి. నిజాం కాలంలో 1919లో వచ్చిన 'యూనక్స్ యాక్ట్' ఒకటి మొన్నమొన్నటి దాకా పుస్తకాల్లో ఉంది. హిజ్రాల రిజిస్టరు పోలీసుల దగ్గర పెట్టమని, ఆడవేషంలో వీధిలో కనపడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చని. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆసరా పింఛను ఇవ్వమని, రిజర్వేషన్ కల్పించమని కూడా చెప్పింది. పార్లమెంటులో ఆగిపోయిన రిజర్వేషన్ మాట కోర్టు గుమ్మం నుంచి వచ్చింది. అమలు సంగతి అడగకండి.

---

అశోక్‌నగర్_అటక | రాత్రి 11:30

అందరికీ దండాలు. హైదరాబాద్‌లో 2024 డిసెంబర్‌లో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా చేరిన 39 మంది ట్రాన్స్‌జెండర్ల సంగతి కూడా రాసుకున్నాను. వాళ్ళలో ఒకరిని రోజూ సిగ్నల్ దగ్గర చూస్తాను. ఇదంతా ఆ నోట్సు లైనుకి సంబంధం ఉన్నదే అని ఇన్నాళ్ళూ తట్టలేదు. 2011 జనాభా లెక్కల్లో 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు దేశంలో 4,87,803, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 అని ఉంది. ఇంత తక్కువా?

---

మల్లెచెండు | ఫిబ్రవరి 28, ఉదయం 6:50

2011లో లెక్కలవాళ్ళు మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న తలుపు దగ్గర నిలబడి నన్ను మగపిల్లాడిగానే రాయించాడు తమ్ముడూ. నేను లోపల గదిలో ఉన్నాను. అలాంటి ఇళ్ళు ఎన్నో నువ్వే ఊహించుకో.

రేపు ఒకటో తారీఖు, పింఛను రోజు. 2018లో 1,500 ఉండేది, ఇప్పుడు 4,000. సచివాలయం అమ్మాయి పొద్దున్నే వస్తుంది, పేరు పిలిచి ఇస్తుంది. నేను పెట్టుకున్న పేరే పిలుస్తుంది. త్వరగా లేవాలి, మళ్ళీ వచ్చి రాస్తాను.